హోసన్నాకి ఒక్క గంట

"ముందు రక్తం తీయండి డాక్టర్. ల్యాబ్‌కి పంపండి. ఈ గుర్రానికి ఎవడు ఏం పెట్టాడో తేలాల్సిందే" అన్నాడు ఆంజనేయప్రసాద్.

ఆ మాట నేను జాగ్రత్తగా దాచుకున్నాను. మనుషులు మొదట అన్నది ఒకటి, తర్వాత అన్నది ఇంకొకటి అయినప్పుడే నాకు పని దొరుకుతుంది.

ఆయన బెజవాడలో డీఎస్పీగా రిటైరయ్యాడు. ఇప్పుడు అమెరికాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో కొడుకు దగ్గరుంటూ, పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి మంచివాడా కాదా అని ఆరా తీసిపెట్టే పని పెట్టుకున్నాడు. నేను చేసేదీ అదే. కాకపోతే నాకు లైసెన్స్ ఉంది. "దమయంతిగారా, ఆవిడ అత్తాకోడళ్ల గొడవలు చూస్తారు లెండి" అని నా గురించి పదిమంది దగ్గర అన్నాడని నాకు తెలుసు. అప్పటి నుంచి ఆయన్ని చూస్తే ఒళ్లు మండుతుంది. మండుతున్న సంగతి దాచాల్సిన అవసరమూ నాకు కనిపించలేదు.

ఆ రోజు ఆయన అన్నగారి కూతురు రిషిత పెళ్లి. అన్న పోయాక ఆ పిల్లని పెంచింది ఈయనే. ఆమె ఈయన్నే నాన్న అని పిలుస్తుంది. మధ్యాహ్నం కన్యాదానం చేయాల్సిన మనిషి, పట్టుపంచె కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, పొద్దున్నే క్వీన్ క్రీక్‌లో గుర్రాల షెడ్డులో ఏం చేస్తున్నట్టు? ఆ ప్రశ్నని కూడా పక్కన పెట్టుకున్నాను.

గుర్రం పేరు హోసన్నా. తెల్లటి ఆడగుర్రం. యజమాని షాలేం రాజు, భీమవరం వైపు మనిషి. వారమంతా చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఆదివారం తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా సెలవుల్లో ఈ గుర్రాన్ని పెళ్లి బరాత్‌లకి తీసుకెళతాడు. మన పెళ్లిళ్లలో వరుడు గుర్రమెక్కడం ఎప్పటి నుంచండీ అని నన్ను అడక్కండి. అమెరికాలో అందరి పెళ్లిళ్లూ చూశాక మనవాళ్లకీ గుర్రం లేకపోతే పెళ్లిలా అనిపించడం మానేసింది. నిన్న సాయంత్రం హోసన్నా రిషిత పెళ్లికొడుకుని వీపు మీద మోసింది. ఇవాళ తెల్లారేసరికి కుప్పకూలింది.

నన్ను పిలిచింది షాలేం రాజు కాదు, ఆయన కూతురు క్రిస్టీ. పదిహేడేళ్ల క్లయింట్ నాకు ఇదే మొదలు. "దమయంతి ఆంటీ, దే ఆర్ గోయింగ్ టు పుట్ హర్ డౌన్. ప్లీజ్ మీరు రండి" అంది. గుర్రాన్ని చంపేయబోతున్నారని చెప్పే ఆ పిల్ల గొంతు విన్నాక నన్ను ఆంటీ అనకూడదని చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడా పిల్ల గడ్డిలో కూర్చుని గుర్రం మెడ పట్టుకుని ఉంది. హోసన్నా చెమటతో తడిసిపోయింది. లేవబోతుంది, కాళ్లు వణుకుతాయి, మళ్లీ కూలబడుతుంది. తల తిప్పి తన పొట్ట వైపు చూసుకుంటుంది, అక్కడ ఎవరో ఉన్నట్టు. మూగజీవి అలా చూస్తుంటే నిలబడటం కష్టమైంది.

గుర్రాల డాక్టర్ పేరు ఓర్టిజ్. పొట్టి మనిషి, మాటలూ పొట్టివే. స్టెతస్కోప్ తీసి నా చెవులకి పెట్టింది. "వినండి" అంది.

విన్నాను. ఒక దెబ్బ. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆగిపోయిందేమో అనుకునేలోగా రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"పొట్టలో నొప్పి అందరికీ కనిపిస్తోంది. ఎందుకన్నదే నాకు తెలియడం లేదు" అంది ఓర్టిజ్. "పేగు మెలిపడి ఉండొచ్చు. అదైతే ఆపరేషన్ తప్ప దారి లేదు. ఈ గుండెకి మత్తు ఇస్తే బల్ల మీదే పోతుంది. అప్పుడు నేను చేయగలిగిన మంచి పని, ఇక్కడే నొప్పి లేకుండా పంపించేయడం."

"రెండోది?"

"విషం. ఈ రాష్ట్రంలో ఇలాంటి గుండె వింటే ఏ గుర్రాల డాక్టరైనా మొదట అడిగేది ఓలియాండర్ గురించే. గుప్పెడు ఆకులు చాలు. ఎండిపోయినా విషం పోదు. ఆ ఆకులు పడిన నీళ్ల తొట్టి కనిపిస్తే నేను దగ్గరుండి పారబోయిస్తాను. అదే అయితే కడుపులోకి బొగ్గుపొడి కలిపిన నీళ్లు పోసి, గుండెకి మందు ఇచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్లి పోరాడొచ్చు."

ఓలియాండర్ అంటే మన గన్నేరే. ఫీనిక్స్ చుట్టుపక్కల నీళ్లు లేకుండా బతికే మొక్క కాబట్టి ఇళ్ల చుట్టూ, హోటళ్ల చుట్టూ కంచెలుగా అదే పెంచుతారు.

"మా దగ్గర లేదండి" అన్నాడు షాలేం రాజు. "ఈ ఇల్లు కొన్న వారంలోనే కంచె మొత్తం వేళ్లతో పీకించేశాను. పక్కింటివాళ్లని బతిమాలి వాళ్లదీ తీయించాను. ఏ పెళ్లికెళ్లినా ముందు కంచెలు చూసుకుని గానీ గుర్రాన్ని ట్రెయిలర్‌లోంచి దించను. నిన్న కూడా రోడ్డు మీదే నడిచింది, గడ్డి మీద అడుగు పెట్టనివ్వలేదు."

సరిగ్గా అప్పుడే నేను ఆంజనేయప్రసాద్ వైపు చూశాను. ప్రత్యేకంగా ఎందుకూ కాదు, అనుమానించే అలవాటు. ఆయన ఫోన్ తీసి ఏదో టైప్ చేశాడు. ఏదో బొమ్మ వచ్చినట్టుంది. వేలు తెర మీదే ఆగిపోయింది. తర్వాత ఫోన్ ఆపేసి బొడ్లో దోపుకున్నాడు.

"నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాను. ఒక గంట పనిచేస్తుంది" అంది ఓర్టిజ్. "ఆలోగా విషమని నాకు ఆధారం చూపించండి. చూపించలేకపోతే ఇంకో ఇంజెక్షన్ ఇస్తాను. పేగు మెలిపడిన గుర్రాన్ని మందులు పోసి సాయంత్రం దాకా ఏడిపించడం నా వల్ల కాదు."

షాలేం రాజు సరేనన్నట్టు తలూపాడు. "ప్రభువు దాన్ని పిలుచుకోవాలనుకుంటే అడ్డుపడటానికి నేనెవర్నమ్మా" అన్నాడు కూతురితో.

"డాడీ, డోంట్ పుట్ ఇట్ ఆన్ గాడ్" అంది క్రిస్టీ. తల ఎత్తకుండానే అంది.

నాకు దొరికింది ఒక్క గంట. డాక్టర్‌కి సరిపోయే ఆధారం కావాలి, అంతే. దోషి ఎవడైతే నాకేం అనుకున్నాను. అది అబద్ధం. దోషి కూడా నాకు కావాలి.

ఆంజనేయప్రసాద్ దగ్గర అప్పటికే ఒక దోషి తయారుగా ఉన్నాడు. షాలేం రాజు బావమరిది ప్రేమానందం. బరాత్‌లో గుర్రం తాడు పట్టుకుని నడిచేది ఆయనే. ట్రెయిలర్‌లో సీటు కింద ఖాళీ మందు గొట్టం ఒకటి దొరికిందని, అది నేను రాకముందే తాను పట్టుకున్నానని, ఆయన్ని పోలీసులకి పట్టిస్తానని నేను రాగానే డీఎస్పీగారు నాకు రెండుసార్లు చెప్పారు. ప్రేమానందం మాత్రం అది తనది కాదని, ఎన్నడూ చూడలేదని మొండికేశాడు.

నేను ఆయన్ని షెడ్డు వెనక్కి, గడ్డిమోపుల దగ్గరికి తీసుకెళ్లాను.

"అది మీదే" అన్నాను.

"కాదండి."

"ప్రేమానందంగారూ, మీరు అబద్ధం చెప్పేటప్పుడు చర్చి వైపు చూసినట్టు పైకి చూస్తున్నారు. గుర్రం చచ్చిపోతే మీ మీదికే వస్తుంది. ఆ పెద్దమనిషి ఇంకాసేపట్లో పోలీసులకి ఫోన్ చేస్తాడు. నాకు చెప్తే నేను డాక్టర్‌కి మాత్రమే చెప్తాను."

ఆయన చేతులు నలుపుకున్నాడు. నలభై ఐదేళ్ల మనిషి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిద్ర మందు కాదండి, కాస్త నెమ్మదించే జెల్. నాలిక కింద పెట్టేది. డాక్టర్‌గారే ఎప్పుడో ఇచ్చింది. డీజే వాడు పెట్టిన సౌండ్‌కి మన గుండెలే అదిరిపోతుంటే దానికెలా ఉంటుందండి. కానీ క్రిస్టీకి మాటిచ్చాను, ఎప్పుడూ మందు పెట్టనని. పిల్ల ముందు ఎలా ఒప్పుకోనండి? ఇప్పుడది చచ్చిపోతే నా చేత్తో నేనే చంపినట్టు కదా?"

"ఎప్పుడు పెట్టారు?"

"నిన్న సాయంత్రం, పెళ్లికొడుకు ఎక్కేముందు."

ఓర్టిజ్‌ని పక్కకి పిలిచి అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ జెల్ ప్రభావం నిన్న రాత్రి భోజనాల వేళకే దిగిపోయి ఉంటుందని, ఇవాళ పొద్దున్న గుండెని ఇలా పట్టి లాగేది అది కాదని చెప్పింది. ప్రేమానందం భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. పోయి గుర్రం దగ్గర కూర్చున్నాడు. మేనకోడలికి ఏం చెప్పాడో నేను వినలేదు గానీ, ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుంది.

ఈలోగా షెడ్డు బయట ఇంకో వ్యవహారం నడుస్తోంది. ఆంజనేయప్రసాద్ షాలేం రాజు భుజం మీద చెయ్యి వేసి, చావింట్లో పరామర్శించేవాళ్ల గొంతు పెట్టి మాట్లాడుతున్నాడు.

"మీరు దేవుణ్ణి నమ్ముకున్న మనుషులు. మూగజీవిని ఇంతసేపు బాధపెట్టడం న్యాయం కాదు. ఇప్పుడే ఇంజెక్షన్ ఇప్పించేయండి. తీసుకెళ్లే బండి నేను మాట్లాడతాను. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోతుంది. ఇక ల్యాబులూ టెస్టులూ ఎందుకు, మీ మనసుకి కష్టం తప్పితే."

"ఇందాక రక్తం తీయమన్నది మీరే కదా ప్రసాద్‌గారూ?" అన్నాను.

"ఏదో కోపంలో అన్నాను."

"ల్యాబ్‌కి పంపమన్నారు. ఎవడు పెట్టాడో తేలాలన్నారు. ప్రేమానందాన్ని పోలీసులకి పట్టిస్తానన్నారు."

"పోనీ పాపం అని వదిలేస్తున్నాను. తప్పా?"

"తప్పేం కాదు. రిటైరైన పోలీసాయనకి సాక్ష్యం మీద ఇంత తొందరగా వైరాగ్యం రావడం నేనెప్పుడూ చూడలేదు, అంతే."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. "దమయంతిగారూ, ఇది అత్తాకోడళ్ల గొడవ కాదు."

"నిజమే. వాళ్లయితే ఈపాటికి నిజం చెప్పేసేవాళ్లు."

"పెళ్లి ఇంట్లో నాకు సవాలక్ష పనులున్నాయి. మీతో వాదన పెట్టుకునే తీరిక లేదు."

"మరి వచ్చారెందుకు?"

పెళ్లికి వచ్చిన గుర్రం పడిపోయిందంటే అపశకునమని పెళ్లికొడుకు వాళ్ల అమ్మగారు గొడవ చేస్తున్నారట. సంగతి తేల్చుకు రమ్మన్నారట. నమ్మేలాగే ఉంది. కానీ తేల్చుకోవడానికి వచ్చిన మనిషి, తేలకుండానే పూడ్చేద్దామంటున్నాడు. ఈ రెండు మాటల మధ్య జరిగింది ఏమిటని గుర్తు చేసుకున్నాను. డాక్టర్ ఓలియాండర్ అంది. ఈయన ఫోన్ తీశాడు. అంతే జరిగింది.

అయితే అది ఈయనకి ఎక్కడో కనిపించి ఉండాలి. గుర్రానికి కనిపించిన చోటే.

క్రిస్టీ దగ్గరికెళ్లాను. "నిన్నటి వీడియోలు ఏమైనా ఉన్నాయా నీ దగ్గర?"

"పెళ్లికూతురు ఫ్రెండ్స్ రీల్ పెట్టారు ఆంటీ. హోసన్నా చాలా క్యూట్‌గా ఉందని అందరూ లైక్ చేశారు" అంది. ఆ మాట అంటూనే ఏడ్చేసింది. నేను ఫోన్ పట్టుకున్నాను, తను ముక్కు తుడుచుకుంది.

వీడియోలో హోటల్ ముందు బరాత్ ఆగింది. పెళ్లికూతురి వాళ్లు స్వాగతానికి పెద్ద ఆర్చి కట్టారు. దానికి నిండుగా పచ్చటి తోరణం, మధ్యలో బంతిపూలు. పెళ్లికొడుకు తల వంచి లోపలికి వస్తున్నాడు. హోసన్నా మెడ సాచి, తోరణం అంచు పట్టి లాగింది. బారెడు తోరణం తెగి దాని నోట్లోకి వచ్చింది. అందరూ నవ్వారు. "గుర్రానికి కూడా విస్తరి వేయండ్రా" అన్నారెవరో. ప్రేమానందం నవ్వుతూనే నోట్లోంచి దారం లాగేశాడు. ఆకులు అప్పటికే లోపలికి పోయాయి.

"ఇది మాకెవరూ చెప్పలేదే" అన్నాను ఆయనతో.

"మామిడాకులే కదండీ" అన్నాడు ప్రేమానందం. "మా ఊళ్లో మేకలు రోజూ తింటాయి. దానివల్ల ఏమవుద్దని చెప్పలేదు."

నేనూ సరిగ్గా అదే అనుకున్నాను. తోరణం అంటే మామిడాకు. ఆకు వైపు చూడను కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం మనకెప్పుడు వచ్చింది గనక?

వీడియో మళ్లీ పెట్టి చూశాను. ఈసారి ఆకులే చూశాను. ఇక్కడి ఇండియన్ షాపుల్లో మామిడాకులు ఎలా దొరుకుతాయో ఇల్లు నడిపే ఆడవాళ్లందరికీ తెలుసు. చిన్న ప్లాస్టిక్ కవర్లో నాలుగాకులు, అందులో రెండు అప్పటికే నల్లబడి ఉంటాయి. అందుకే మా గుమ్మానికి ఏడాది పొడుగునా ప్లాస్టిక్ తోరణమే. అలాంటిది ఈ ఆర్చికి, ఇటు నుంచి అటు దాకా, ఒత్తుగా, నవనవలాడే పచ్చి ఆకులు. మామిడి చెట్టు దొరకని ఊళ్లో అన్ని ఆకులు ఎక్కడివి?

"హోసన్నా నిన్న వేసుకున్న అలంకారం ఎక్కడుంది?"

"ట్రెయిలర్‌లో పెట్టెలో ఉంది ఆంటీ. ఇంకా క్లీన్ చేయలేదు."

ఓర్టిజ్ దగ్గర రబ్బరు తొడుగులు అడిగి తీసుకుని ట్రెయిలర్‌లోకి ఎక్కాను. పెట్టెలో ఎర్ర మఖమల్ గుడ్డ, జరీ కుచ్చులు, గుర్రం ముఖానికి కట్టే అద్దాల పట్టీ. ఒక్కొక్కటీ బయటికి తీసి దులిపాను. అక్షింతలు రాలాయి, చమ్కీలు రాలాయి, ఎవరిదో చెవిపోగు రాలింది. ఆకు మాత్రం రాలలేదు. టైమ్ చూసుకోబుద్ధి కాలేదు. బయట గుర్రం మూలుగుతోంది, ఇంజెక్షన్ పని తగ్గుతున్నట్టుంది.

అద్దాల పట్టీని తిరగేసి, నోటి దగ్గర ఇనుప కడియం ఉండేచోట వేలు పెట్టి వెతికాను. అక్కడ దారం చుట్టుకుపోయి ఉంది. పసుపు దారం. దాని ముడిలో ఇరుక్కుని సగం ఆకు.

వేళ్ల మధ్య పెట్టి నలిపి, ముక్కుకి కాస్త దూరంలోనే పట్టుకున్నాను. మామిడాకు నలిపితే మామిడి వాసన రావాలి. పిందె కోసినప్పుడు వచ్చే వాసన. ఇండియాలో ఉన్నన్నాళ్లూ పండగ పండక్కీ గుమ్మాలకి కట్టిన చేతులివి, నాకు పొరపాటు జరగదు. దీనికి ఆ వాసన లేదు. వెలుతురులో పట్టి చూశాను. నడిమి ఈనె లావుగా ఉంది, దానికి రెండువైపులా సన్నటి గీతలు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. పొడవు అంతే, వెడల్పు అంతే, రంగూ అంతే. దూరం నుంచి ఎవరికైనా మామిడాకే.

పరిగెత్తుకెళ్లి ఓర్టిజ్ అరచేతిలో పెట్టాను. ఆమె తిప్పి చూడటానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"ఇదే" అంది. "ఎక్కడిది?"

"నిన్న సాయంత్రం తింది. బారెడు."

ఆమె అప్పటికే బ్యాగ్ తెరుస్తోంది. "క్రిస్టీ, తల పట్టుకో. రాజూ, నీళ్లు, రెండు బకెట్లు. ట్రెయిలర్ వెనక్కి తీసుకురండి, గొట్టం వేయగానే ఆసుపత్రికి బయల్దేరుతున్నాం."

"షి విల్ లివ్?" అంది క్రిస్టీ.

"సగం నమ్మకం ఉంది. ఇందాక అది కూడా లేదు" అంది ఓర్టిజ్.

షాలేం రాజు బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఇంకాసేపుంటే నేనే చంపించేసేవాణ్ణి" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. క్రిస్టీ బకెట్ ఆయన చేతిలోంచి తీసుకుని, "డాడీ, వాటర్" అంది.

ఆంజనేయప్రసాద్ కనబడలేదు. కారు దగ్గరున్నాడు. వెళ్లిపోయేవాడే గానీ, నా కారు ఆయన కారు వెనక అడ్డంగా ఉంది. ముందుచూపు అని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి నాకు పార్కింగ్ సరిగ్గా రాదు.

"కారు తీయండి. ముహూర్తానికి టైమవుతోంది" అన్నాడు.

"ఆ ఆకులు మీరే తెచ్చారు."

"ఏ ఆకులు?"

"ఫోన్లో బొమ్మ చూశారే, ఆ ఆకులు."

ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చాలామందిని ప్రశ్నించిన మనిషి, ఇక బుకాయించి లాభం లేని ఘడియ ఎప్పుడొస్తుందో తెలిసినవాడు. ఆ ఘడియ వచ్చిందని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

"షాపువాడు తెప్పించిన మామిడాకులు మొత్తం కుళ్లిపోయి వచ్చాయి" అన్నాడు. "అందరూ ప్లాస్టిక్ కట్టేయమన్నారు. అన్నయ్య బతికుంటే కూతురి పెళ్లికి ప్లాస్టిక్ తోరణం కట్టేవాడా? నాకు మనసొప్పలేదు. హోటల్ వెనక కంచె ఉంది. కత్తిరించేసి ఉంది, ఒక్క పువ్వు లేదు. అచ్చం మామిడాకే. కోసుకొచ్చి ఇచ్చాను. పువ్వుంటే నాకు తెలియదా దమయంతిగారూ, గన్నేరు?"

"ఇందాక తెలిశాక?"

ఆయన షెడ్డు వైపు చూశాడు.

"తెలిశాక చెప్తే ఆ గుర్రానికి మందు పడేది. మీరు చంపించేయమన్నారు."

"పెళ్లిలో పోలీసులు అడుగు పెడతారనుకున్నాను. విషమన్న మాట పుడితే పెళ్లికొడుకు తల్లి పెళ్లి ఆపేస్తుందనుకున్నాను. నా చేత్తో నేనే నా పిల్ల పెళ్లి పాడు చేసుకున్నట్టవుతుంది. గుర్రమే కదా, పోతే పోయిందనుకున్నాను." గొంతు తగ్గింది. "తోరణం మాత్రం తీసేయమని దేదీప్యకి మెసేజ్ పెట్టాను. ఇక ఎవరికీ ప్రమాదం లేదు."

దేదీప్య పెళ్లి డెకరేషన్ చేసే అమ్మాయి. సాక్ష్యం తీయించేశాడన్న మాట. నాకు మళ్లీ ఒళ్లు మండింది.

"ఫోన్ చేయండి. స్పీకర్‌లో పెట్టండి. ఆ ఆకులు చెత్తబుట్టలో అయినా ఉంచమని చెప్పండి, డాక్టర్‌కి కావాలి" అన్నాను.

రెండో రింగుకే ఎత్తింది. వెనక నాదస్వరం వినిపిస్తోంది.

"అంకుల్, తోరణం తీసేశా, డంప్‌స్టర్‌లో పడేయించా. కానీ ఎందుకు తీయమన్నారో అర్థం కాలేదు, ఫొటోల్లో ఆర్చి బోసిగా కనిపిస్తోంది."

"మిగిలిన ఆకులేవమ్మా?" అన్నాను నేను. "కోసుకొచ్చినవన్నీ తోరణానికే వాడారా?"

"లేదండి, కొన్ని మంచివి ఏరి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్న కలశానికి వాడేశాం."

ఆంజనేయప్రసాద్ కారు తలుపు వదిలేశాడు.

"కలశంలోనా?" అన్నాను. "పంతులుగారు చూడలేదా?"

"నేనే ఆకులకి పసుపు రాసి, కొబ్బరికాయ పెట్టి, అన్నీ అమర్చి ఇచ్చానండి. ఆయన మంత్రాలు మొదలుపెట్టేశారు. పుణ్యాహవాచనం ఇప్పుడే అయింది. కలశంలో నీళ్లు అందరి మీదా చల్లారు, తీర్థం ఇస్తున్నారు. ఏమైందండి?"

పొద్దుటి నుంచి ఆ ఆకులు ఆ నీళ్లలో నానుతున్నాయి. నీళ్ల తొట్టి కూడా పారబోయిస్తానన్న ఓర్టిజ్ మాట నా చెవిలో మళ్లీ వినిపించింది.

"ఆపు. ఎవరినీ తాగనివ్వద్దు. పరిగెత్తు" అన్నాను.

అవతల ఫోన్ ఎక్కడో పడ్డ చప్పుడు, గజ్జెల చప్పుడు. ఆంజనేయప్రసాద్ తన ఫోన్‌లో పెళ్లి లైవ్ తెరిచాడు. ఇండియాలో ఉన్నవాళ్ల కోసం పెట్టిన లైవ్. వేళ్లు తడబడి రెండుసార్లు తప్పు నొక్కాడు, మూడోసారికి మండపం కనిపించింది. పెళ్లిబట్టల్లో రిషిత పీట మీద కూర్చుని ఉంది. పంతులుగారు ఉద్ధరిణి కలశంలో ముంచాడు.

లైవ్ అంటారు గానీ అది అర నిమిషం వెనకగా వస్తుంది. మేము చూస్తున్నది ఎప్పుడో జరిగిపోయింది. ఆయనకీ ఆ సంగతి తెలుసు. అయినా తెర వైపు చూస్తూ, "వద్దమ్మా, వద్దు నాన్నా" అన్నాడు.

రిషిత అరచెయ్యి గుంటగా పట్టింది. నీళ్లు పడ్డాయి. తాగి, తడిచెయ్యి తలకి రాసుకుంది. పక్కనున్న ముత్తయిదువలు చేతులు చాపుతున్నారు. అప్పుడు దేదీప్య తెరలోకి పరిగెత్తుకొచ్చి, పంతులుగారి చేతిలోంచి కలశం లాక్కుంది.

ఆంజనేయప్రసాద్ షెడ్డులోకి పరిగెత్తాడు. పట్టుపంచె కాళ్లకి అడ్డం పడుతున్నా పరిగెత్తాడు. ఓర్టిజ్ మోకాళ్ల మీద ఉంది, గుర్రం ముక్కులోకి గొట్టం వేసి నల్లటి నీళ్లు పోస్తోంది. ఆయన ఆమె చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టర్, మా పాప తాగేసింది. ఆ ఆకుల నీళ్లు. ఏదో ఒకటి చేయండి. ప్లీజ్. ఏదో ఒకటి చేసి బతికించండి."

ఇందాక ఆ నోటితోనే చంపేయమన్నాడు. క్రిస్టీ తలెత్తి ఆయన్ని చూసింది.

"ఎంత తాగింది?" అంది ఓర్టిజ్, గొట్టం వదలకుండా.

"ఒక చెంచా" అన్నాను నేను.

"తక్కువే. అయినా గుండె మీద పనిచేసే విషం, ఆలస్యం చేయకూడదు. అక్కడ ఇంకెవరైనా తాగారేమో కనుక్కోండి. 911కి ఫోన్ చేసి అది ఏ ఆకో చెప్పండి. పేరు తెలిస్తేనే వాళ్లు మందు ఇవ్వగలరు. తెలియకపోతే నాలాగే చేతులు కట్టుకుని కూర్చుంటారు."

నా ఫోన్‌లో నంబరు నొక్కి ఆయన చేతికిచ్చాను. కావాలంటే నేనే మాట్లాడగలను. ఇవ్వాలనే ఇచ్చాను.

అవతల ఎవరో ఎత్తారు. ఎక్కడ, ఎవరికి, ఏమైంది అని అడిగారు. హోటల్ పేరు చెప్పాడు. అమ్మాయి వయసు చెప్పాడు. ఏం మింగిందో తెలుసా అని అడిగారు. షెడ్డులో అందరం ఆయన వైపే చూస్తున్నాం. షాలేం రాజు, ప్రేమానందం, క్రిస్టీ, నేల మీద నుంచి హోసన్నా కూడా ఒక కన్ను తెరిచి ఉంది.

"ఓలియాండర్" అన్నాడు ఆంజనేయప్రసాద్. "కలశంలో ఉంది. నేనే కోశాను."